అమెరికా చలిలో సంక్రాంతి వంట

(సంక్రాంతికి ముందు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పండగ వంట మొత్తం గురించి చెప్పమన్నారు. మొత్తం చెబితే తెల్లారిపోతుంది. అందుకని సగం సమయం అరిసెలకే ఇస్తాను. ఈ దేశంలో మన ఇళ్ళల్లో ఎక్కువగా చెడేది అరిసె. అది ఎందుకు చెడుతుందో అర్థమైతే మిగతా వంటల సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

మన అమ్మలు, అత్తయ్యలు ఫోన్లో చెప్పే కొలతల్లో తప్పేమీ ఉండదు. ఆ కొలతలు అక్కడి బియ్యానికి, అక్కడి గాలికి, అక్కడి పొయ్యికి కుదిరినవి. ఇక్కడ బియ్యం వేరు, గాలి వేరు, పొయ్యి వేరు. ఎక్కడైనా మారనివి గుర్తులు. పిండి పిడికిట్లో ముద్ద కట్టి నిలవాలి, పాకం నీళ్ళలో ఉండ కట్టాలి, మినప్పిండి చుక్క నీళ్ళ మీద తేలాలి. కాబట్టి ఈసారి ఫోన్ చేసినప్పుడు "ఎంత వెయ్యాలి?" అని అడిగాక, "ఎలా ఉంటే కుదిరినట్టు?" అని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్నకి వచ్చే జవాబే ఇక్కడ మీకు పనికొస్తుంది.

ముందు పండగ ఏ రోజో చూద్దాం. సూర్యుడు మకరరాశిలో అడుగుపెట్టే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. గడియారాలే వేరు. జనవరిలో న్యూయార్క్ మన దేశం కంటే పదిన్నర గంటలు వెనక, కాలిఫోర్నియా పదమూడున్నర గంటలు వెనక ఉంటాయి. అందువల్ల మన ఊళ్ళో పండగ 15న వచ్చిన ఏడాది ఇక్కడ 14నే రావచ్చు. మీ నగరానికి గణించిన పంచాంగం చూసుకోండి. పూజ ఆ రోజునే చేసుకోండి. పదిమందీ కూర్చునే భోజనం మాత్రం వారాంతానికి జరుపుకుంటే తప్పేం లేదు. జనవరిలో మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, అది ఎప్పుడూ 15కీ 21కీ మధ్యలోనే పడుతుంది. మూడు రోజుల సెలవు కనుమ పక్కనే దొరికినట్టు. అరిసెలు, సకినాలు నిలవుంటాయి కాబట్టి పండగ ముందు శని, ఆదివారాల్లోనే చేసేసుకోవచ్చు.

ఇక బియ్యం. ఊరి నుంచి వచ్చేటప్పుడు రెండు కిలోల కొత్త బియ్యం పెట్టెలో పెట్టుకు రావాలని చాలామందికి ఉంటుంది. వద్దు. ధాన్యాన్ని నాశనం చేసే ఖప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని ఇక్కడి అధికారులు రానివ్వరు. మామిడాకులు, పచ్చి కరివేపాకు కూడా అంతే. వాటిని దాచిపెట్టి తెస్తే జరిమానా పడుతుంది. ఇక్కడి భారతీయ దుకాణంలో దొరికే సోనా మసూరి పచ్చిబియ్యం అరిసెలకి సరిపోతుంది. ఇడ్లీ బియ్యం ఉప్పుడు బియ్యం కాబట్టి పనికిరాదు. బాస్మతీ వద్దు.

అర కిలో బియ్యం లెక్కన చెబుతాను. పాతిక అరిసెల దాకా వస్తాయి, కొత్తగా చేసేవాళ్ళు అంతకు మించి పెట్టుకోకండి. బియ్యం కడిగి రాత్రంతా నానబెట్టండి. పన్నెండు గంటలు తక్కువ కాకూడదు, ఇరవై నాలుగు గంటలైతే ఇంకా మంచిది. హీటర్ నడిచే ఇంట్లో నీళ్ళు పులిసి వాసన వస్తాయి కాబట్టి మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చండి. తర్వాత చిల్లుల గిన్నెలో వడేసి, బట్ట మీద పరవండి.

తొంభై శాతం తప్పులు ఇక్కడే మొదలవుతాయని నా అభిప్రాయం. "గంటసేపు ఆరబెట్టు" అని అమ్మ చెబుతుంది. గోదావరి పక్క ఊళ్ళో గాలిలో ఉండే తేమలో గంట సరే. జనవరిలో హీటర్ వేసుకున్న మన ఇళ్ళల్లో గాలి తేమ ముప్పై శాతం కంటే కిందకి పడిపోవడం మామూలే. పెదవులు పగిలే గాలి బియ్యాన్ని మాత్రం వదులుతుందా? ఆ గాలిలో గంటసేపు ఉంచితే బియ్యం గట్టిగా ఎండిపోతుంది, పిండి పొడిపొడిగా వస్తుంది, పాకమంతా పీల్చేసుకుంటుంది. పది నిమిషాలకోసారి పట్టి చూడండి. గింజలు చేతికి చల్లగా, తడిగా తగలాలి, అరచెయ్యి మాత్రం తడవకూడదు. ఇది ఇరవై నిమిషాల్లోనే రావచ్చు. వేడిగాలి వచ్చే గొట్టం మూతి కింద బట్ట పరవకండి.

పిండిమర లేదు కాబట్టి మిక్సీయే గతి. జారులో కప్పుకి మించి వెయ్యకండి. ఆపి ఆపి తిప్పండి. జారు వేడెక్కిందంటే పిండిలో తడి ఆవిరైపోతున్నట్టే. సన్నటి జల్లెడతో జల్లించి, మిగిలిన రవ్వని మళ్ళీ వెయ్యండి. జల్లించిన పిండిని ఎప్పటికప్పుడు గిన్నెలో చేత్తో అదిమి, తడిబట్ట కప్పండి. అదమకపోతే పై పొర ఆరిపోతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. అప్పుడు పిండి సిద్ధం. ఊరి నుంచి మిక్సీ తెచ్చుకున్నవాళ్ళకో మాట. మన దేశంలో కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. నేరుగా ప్లగ్గులో పెడితే అది బలంగా తిరగదు. ఇక్కడి వోల్టేజికి చేసిన మన కంపెనీల మిక్సీలే భారతీయ దుకాణాల్లో అమ్ముతారు, అవి కొనుక్కోండి.

బెల్లం. కిలో బియ్యానికి ముప్పావు కిలో అన్న పాత లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. అర కిలోకి 375 గ్రాములు. అచ్చు బెల్లం దొరికితే అదే తీసుకోండి. దొరకని ఊళ్ళల్లో మెక్సికన్ దుకాణానికి వెళ్ళండి. పిలోన్సియో అని శంఖాకారపు దిమ్మలు అమ్ముతారు, అదీ చెరకు రసం కాచి చేసిన బెల్లమే, పాకం చక్కగా వస్తుంది. బ్రౌన్ షుగర్ వాడకండి, అది శుద్ధి చేసిన పంచదారకి మొలాసిస్ కలిపిన సరుకు. రుచి రాదు, పాకం గుర్తూ సరిగా తెలియదు.

బెల్లం తరిగి, అర గ్లాసు నీళ్ళు, అంటే వంద మిల్లీలీటర్లు పోసి కరిగించి, ఇసుక పోయేలా వడగట్టి, అడుగు మందపాటి గిన్నెలో మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. మధ్యస్థపు మంట. నురగ పెద్ద బుడగల నుంచి చిన్న బుడగలకి మారి, పాకం చిక్కబడుతుండగా పరీక్ష మొదలుపెట్టండి. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక చుక్క వెయ్యండి. కరిగిపోతే ఇంకా కాగాలి. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి, నొక్కితే అణగాలి. పళ్ళేనికి కొడితే టంగుమంటే ముదిరిపోయినట్టు.

పరీక్ష నీళ్ళు కుళాయి నుంచి అప్పుడే పట్టినవి వాడకండి. జనవరిలో ఆ నీళ్ళు మంచులా ఉంటాయి, లేత పాకాన్ని కూడా గట్టిపరిచి ఉండ వచ్చినట్టు చూపిస్తాయి. అది నమ్మి దించేస్తే అరిసెలు నూనెలో విచ్చిపోతాయి. ముందే పట్టి వంటగదిలో ఉంచిన నీళ్ళు వాడండి.

థర్మామీటరు ఉన్నవాళ్ళకి: మెత్తటి ఉండ పాకం 113 నుంచి 116 డిగ్రీల సెల్సియస్, ఇక్కడి లెక్కలో 235 నుంచి 240 ఫారెన్‌హీట్. కానీ ఈ అంకె సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్ళకే. డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అక్కడివాళ్ళు 240 దాకా ఆగితే పాకం రాయి అవుతుంది. పది ఫారెన్‌హీట్ తగ్గించుకుని 225, 230 మధ్య దించాలి. ప్రతి ఐదువందల అడుగుల ఎత్తుకి ఒక ఫారెన్‌హీట్ తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి. నీళ్ళలో ఉండ పరీక్షకి ఈ లెక్క అక్కర్లేదు, అది మచిలీపట్నంలోనూ డెన్వర్‌లోనూ ఒకటే చెబుతుంది.

గాజు పలక ఉన్న కరెంటు పొయ్యి మీద ఇంకో ప్రమాదం ఉంది. స్విచ్ ఆపినా పలక చాలాసేపు వేడిగా ఉంటుంది, పాకం దాని మీద ముదురుతూనే ఉంటుంది. ఉండ వచ్చిన వెంటనే గిన్నెని పొయ్యి మీద నుంచి పూర్తిగా పక్కకి దించండి. రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి వేసి, పిండిని కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. ఇంకొకరు పిండి పోస్తుంటే మీరు తిప్పడం సులువు, భార్యాభర్తలిద్దరూ చెయ్యాల్సిన పని ఇది. గుప్పెడు పిండి పక్కన ఉంచుకోండి. చలిమిడి గరిటె నుంచి బరువుగా, ముద్దగా జారాలి. వేడి మీద కాస్త పలచగా కనిపించినా కంగారుపడకండి, చల్లారితే బిగుసుకుంటుంది. పైన నెయ్యి రాసి మూతపెట్టండి.

నూనె 170 డిగ్రీల సెల్సియస్, అంటే 340 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టుకుని ముందు ఒకే ఒక్క అరిసె వేసి చూడండి. విచ్చిపోతే పాకం లేతదన్నమాట, పక్కన పెట్టిన తడిపిండి కలపండి. ఒత్తుతుంటేనే అంచులు పగులుతున్నాయంటే పాకం ముదిరింది, లేదా పిండి ఆరింది. గోరువెచ్చటి పాలు ఒక్కో చెంచా చొప్పున వేసి మర్దించండి. పైన నల్లబడి లోపల పిండి రుచి వస్తే మంట ఎక్కువైంది. అరిసెల చెక్కలు లేకపోతే రెండు చదునైన చిల్లుల గరిటెల మధ్య పెట్టి నూనె నొక్కెయ్యండి. నూనెలోంచి తీసిన క్షణాల్లోనే నొక్కాలి, చల్లారాక నొక్కితే విరుగుతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి.

నువ్వులు సరే, కొందరు గసగసాలు అద్దుతారు. ఇక్కడ గసగసాలకి అడ్డు లేదు. కానీ ఊరికి వెళ్ళే దారిలో దుబాయిలో ఆగేవాళ్ళు, అక్కడి బంధువులకి డబ్బా ఇవ్వాలనుకునేవాళ్ళు వాటిని అస్సలు తీసుకెళ్ళకండి. ఎమిరేట్స్‌లో గసగసాలు నిషేధం, జైలుదాకా వెళ్ళే వ్యవహారం.

తెలంగాణ వాళ్ళ సకినాలకీ ఇదే తడిపిండి. ఓమ, నువ్వులు, ఉప్పు వేసి నీళ్ళు చల్లుకుంటూ కలిపి, బట్ట మీద చుట్టాలి. చుడుతుంటే తీగ తెగిపోతుంటే పిండి ఆరింది, లేదా సరిగా జల్లించలేదు. చుట్టినవి కాస్త ఆరితేనే బట్ట మీద నుంచి లేస్తాయి. ఇక్కడి పొడిగాలిలో అది తొందరగా అవుతుంది, కాబట్టి ఒక బట్ట నిండగానే వేయించడం మొదలుపెట్టండి. అన్నీ చుట్టేసి అప్పుడు పొయ్యి వెలిగిద్దామనుకుంటే మొదటి వరస పగుళ్ళు తీస్తుంది.

పొంగలి గురించి రెండే మాటలు. పాలలో బెల్లం వేసి మరిగిస్తే పాలు విరుగుతాయి. అన్నం, పెసరపప్పు పాలతో మెత్తగా ఉడికాక, పొయ్యి ఆపి, విడిగా కాచి వడగట్టి చల్లార్చిన బెల్లం నీళ్ళు కలపండి. రెండోది పచ్చకర్పూరం. దేవుడి దగ్గర వెలిగించే కర్పూరం బిళ్ళలు వంటలో వెయ్యకూడదు, అది విషం. డబ్బా మీద తినడానికి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉంటేనే రవ్వంత వెయ్యండి. అనుమానం ఉంటే యాలకులతో సరిపెట్టండి, పొంగలికి లోటేమీ రాదు.

దప్పళానికి గుమ్మడికాయ వెతుక్కోవాలి. అక్టోబరు అయ్యాక పెద్ద గుమ్మడికాయలు అంగళ్ళల్లో కనబడవు, పైగా ఇక్కడివాళ్ళు హాలోవీన్ పండగకి ముఖాలు చెక్కే ఆ రకం చప్పగా, నీరుగా ఉంటుంది. ఏడాదంతా దొరికే బటర్‌నట్ స్క్వాష్ మన తీపి గుమ్మడికి దగ్గర. అది త్వరగా ఉడుకుతుంది, ముక్కలు పెద్దవిగా కొయ్యండి. చిలగడదుంప విషయంలో చాలామంది మోసపోతారు. నారింజ రంగు దుంప పులుసులో మెత్తబడి కరిగిపోతుంది. పైన ఎరుపు, లోపల తెలుపు ఉండే దుంప కొరియన్, జపనీస్ దుకాణాల్లో ఉంటుంది, మన దుంపలాగే ముక్క నిలుస్తుంది. ములక్కాడలు ఫ్రీజర్లో గడ్డకట్టినవి వాడితే చివర్లో వెయ్యండి, అవి సగం ఉడికి వచ్చినవే. చిక్కుడుకాయ కూడా దుకాణంలో ఆ ఫ్రీజర్ అరల్లోనే దొరుకుతుంది. చింతపండు పులుసు మరిగి ముక్క ఉడికాక, చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. బెల్లం ముక్క మరిచిపోకండి.

కనుమ నాడు మినుము తినాలన్నారు పెద్దలు, కాబట్టి గారెలు. మినపగుళ్ళు మామూలుగా మూడు, నాలుగు గంటలు నానితే చాలు. ఇక్కడి చల్లటి నీళ్ళలో ఇంకో గంట పట్టవచ్చు, అందుకే గోరువెచ్చటి నీళ్ళతో మొదలుపెట్టండి. రాత్రంతా నానబెట్టవద్దు. ఎక్కువ నీరు పీల్చిన పప్పు పిండి జారుగా వస్తుంది, అలాంటి గారె నూనె తాగుతుంది. మిక్సీలో రుబ్బేవాళ్ళు ఐసు నీళ్ళు చెంచాలతో చల్లుతూ రుబ్బండి. తర్వాత చేత్తో ఒకే వైపుకి నాలుగైదు నిమిషాలు గిలకొట్టండి. లోపలికి గాలి చేరితేనే గారె గుల్లగా వస్తుంది. చుక్క నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా కొట్టాలి. ఉప్పు ముందే కలిపితే పిండి నీరు వదులుతుంది, గారెలు వేసే నిమిషంలో వెయ్యండి.

గారెల్లోకి కోడికూర చేసుకునే ఇళ్ళకి: సూపర్‌మార్కెట్ కోడి లేతది, అరగంటలో ఉడికిపోతుంది. నాటుకోడి లెక్కన గంటన్నర ఉడికిస్తే పీచులుగా విడిపోతుంది. హలాల్ దుకాణంలో హార్డ్ చికెన్ అని అడగండి, ముదురు కోడి ఇస్తారు, దానికి మన పాత పద్ధతి కుదురుతుంది. ఇంకో సంగతి, ప్యాకెట్ మీద సొల్యూషన్ ఇంత శాతం అని రాసి ఉంటే ఆ మాంసంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించారని అర్థం. ఉప్పు సగమే వేసి రుచి చూడండి.

నలుగురిళ్ళ నుంచి వండి తెచ్చుకునే విందైతే గారెలు వేడి మీద ఒకదాని మీద ఒకటి పేర్చి మూత బిగించకండి, ఆవిరికి మెత్తబడతాయి. కాగితం పరిచిన ట్రేలో ఒకే వరసగా తెచ్చి, అక్కడ ఓవెన్లో 350 ఫారెన్‌హీట్‌లో ఏడెనిమిది నిమిషాలు పెట్టండి. మైక్రోవేవ్ వాటిని తోలులా సాగదీస్తుంది. పులిహోరతో సహా అన్నంతో చేసినవేవీ రెండు గంటలకి మించి బల్ల మీద ఉంచవద్దు. గడ్డకట్టిన అరిటాకులు ముందు రాత్రే బయట పెట్టండి, మడతలు గట్టిగా ఉండగా విప్పితే చీలిపోతాయి. వేడినీటి బట్టతో తుడిచి, పొయ్యి సెగ మీద చూపిస్తే మెత్తబడతాయి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

సభ నుంచి: దుకాణంలో కొన్న పొడి బియ్యప్పిండిని తడిపి అరిసెలకి వాడొచ్చా అండీ? సమయం ఉండటం లేదు.

వద్దమ్మా. పొడిగా మర ఆడిన పిండిలో గంజి పదార్థం ఎక్కువగా చితికి ఉంటుంది, అది పాకాన్ని గబగబా పీల్చేస్తుంది. పైన నీళ్ళు చల్లితే ఉండలు కడుతుంది గానీ, గింజ లోపల నానినప్పటి తడి రాదు. ఆ పిండితో జంతికలు చెయ్యండి, బాగా వస్తాయి. సమయం లేని ఏడాది అరిసెలు మానేసి జంతికలు, పొంగలితో పండగ చేసుకోవడం మంచిదే.

సభ నుంచి: మా అపార్ట్‌మెంట్లో వేయించడం మొదలుపెడితే పొగ అలారం మోగుతుంది. బాల్కనీలో పెట్టుకోవచ్చా?

బాల్కనీ వద్దు బాబూ. చాలా ఊళ్ళల్లో అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో మంట పెట్టడం నిషేధం, మీ లీజులోనూ రాసి ఉంటుంది. అలారం బ్యాటరీ తియ్యకండి. అలారం మోగిందంటే నూనె పొగ వచ్చేంత కాగిందన్నమాట, అరిసెకి అంత వేడి అక్కర్లేదు. శుద్ధి చేసిన వేరుశనగ నూనె వాడండి, కిటికీ కాస్త తెరిచి, ఫ్యాను పెట్టండి. పొయ్యి మీది ఫ్యాను చాలా అపార్ట్‌మెంట్లలో గాలిని మళ్ళీ గదిలోకే వదులుతుంది, దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. గిన్నెలో సగానికి మించి నూనె పొయ్యకండి. గుండ్రటి అడుగున్న మూకుడు గాజు పలక మీద ఊగుతుంది, చదునైనదే వాడండి. ఒకవేళ నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు. మూత పెట్టి స్విచ్ ఆపాలి, గిన్నెని కదపకూడదు.

సభ నుంచి: చలిమిడి మిగిలితే ఏం చెయ్యాలి? ఆ నూనె?

చలిమిడి నెయ్యి రాసి, గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. వాడే ముందు గంటసేపు బయట పెట్టి, గట్టిగా ఉంటే మైక్రోవేవ్‌లో పది సెకన్లు వెచ్చబెట్టి మర్దించండి. నూనె పూర్తిగా చల్లారాక పలుచటి బట్టలో వడగట్టి చీకటి అరలో పెట్టుకుంటే మరోసారి తాలింపులకి వాడుకోవచ్చు. నల్లబడినా, వాసన మారినా పారెయ్యాలి. సింకులో మాత్రం పొయ్యకండి, చలికి గొట్టంలో జిడ్డు పేరుకుని నీళ్ళు ఎదురు తంతాయి. ఖాళీ పాల డబ్బాలో పోసి, మూత బిగించి చెత్తలో వెయ్యండి.